ఎక్టన్ కమ్మరుల వంశకథ

ఆంగ్లేయుల ఇంటిపేర్లలో వృత్తులను బట్టి యేర్పడినవి పెక్కు గలవు. స్మిత్ అనగా కమ్మరి. టైలర్ అనగా కుట్టుపనివాడు. మిల్లర్ అనగా పిండిమర నడపువాడు. ఫ్రాంక్లిన్ అను పేరు అట్టిది కాదు. మధ్యయుగములలో ప్రభువునకు వెట్టిచాకిరి చేయ నక్కరలేక, తన భూమిని తాను స్వేచ్ఛగా అనుభవించు గృహస్థునకు ఆ పేరు చెల్లెడిది. 14వ శతాబ్దమున ఛాసర్ కవి తన ‘కాంటర్బరీ కథల’లోని యాత్రికులలో అట్టివాని నొకనిని చేర్చెను. ఈ పేరును లోకమునకు తెలియజేసిన కుటుంబము మాత్రము తరతరములుగా కొలిమి యెదుట నిలిచిన కమ్మరుల కుటుంబము. స్మిత్ అని పిలువబడవలసినవారు ఫ్రాంక్లినులైరి!

ఇంగ్లండు నడిమి భాగమున నార్థాంప్టన్‌షైరులో ఎక్టన్ అను పల్లె కలదు. సుమారు 30 ఎకరముల సొంత భూమి, దానికి తోడుగా ఒక కొలిమి, ఇదియే ఫ్రాంక్లినుల ఆస్తి. ఈ ఆస్తితో వారు ఆ ఊర కనీసము 300 ఏండ్లు కదలక నిలిచిరని కుటుంబమున చెప్పుకొనెడివారు. పెద్ద కుమారునకు కమ్మరిపని నేర్పుట వారి యింటి ఆచారము. తక్కిన కుమారులు తమ బ్రదుకుతెరువు తాము చూచుకొనవలసినదే. ఈ యొక్క ఆచారమును మనసునం దుంచుకొన్నచో, ఆ వంశపు శాఖ యొకటి అట్లాంటిక్ సముద్రమును దాటిపోవుటకు గల కారణములలో సగము బోధపడును.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాయందలి బోస్టన్ నగరమున జన్మించెను. మెరుపు విద్యుత్తే యని చూపిన శాస్త్రజ్ఞుడుగా, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన రాజనీతిజ్ఞుడుగా అతనిని మన విద్యార్థు లెరుగుదురు. తన పూర్వుల జాడ తీయుటకై అతడు పడిన శ్రమ అంతగా ప్రచారమునకు రాలేదు. ఇంటిపేరు పుట్టుకను గూర్చి తండ్రిని జాబు ద్వారా అడుగగా, 1739లో ఆ వృద్ధుడు బదులు వ్రాసెను. ఆ పేరు ఫ్రెంచి దని కొందరును, స్వతంత్ర రైతుల వర్గమునుండి వచ్చిన దని కొందరును చెప్పుదురని తెలిపి, తమబోటి స్థితిగతులు గలవారికి ఇట్టి సంగతులు కొంత ఉబలాటము తీర్చుటకు మించి కొరగావని తేల్చివేసెను. సబ్బును కొవ్వొత్తులను తయారుచేసి అమ్ముచు పదునేడుగురు బిడ్డలను కన్నవానికి వంశవృక్షముపై అంతకంటె ఆసక్తి యెట్లుండును?

కుమారునకు ఆ సమాధానము చాలలేదు. 1757లో పెన్సిల్వేనియా శాసనసభ ప్రతినిధిగా లండను చేరిన ఫ్రాంక్లిన్ మరుసటి వేసవిలో, న్యాయశాస్త్రము చదువుచున్న తన కుమారుడు విలియమును వెంటబెట్టుకొని పూర్వుల ఊళ్లు చూడ బయలుదేరెను. మొదట వెలింగ్‌బరో అను పట్టణమున తన పెదతండ్రి థామస్ కుమార్తెయైన మేరీ ఫిషర్ ఇంటికి పోయెను. ఆమె అప్పటికే ఏండ్లు మీదపడి బలహీనురాలై యున్నను, ఒకప్పుడు మిక్కిలి చురుకైన మనిషియని చూచినంతనే తెలియుచుండెను. తండ్రి మరణానంతరము ఎక్టన్ ఇంటిని, పొలమును ఆమెయు భర్తయు ఆ గ్రామపు భూస్వామికి అమ్మివేసిరి. వారికి కలిగిన ఒక్క కూతురు సుమారు 30 ఏండ్ల ప్రాయమున అవివాహితగనే మరణించినది. కొలిమిని, భూమిని అంటిపెట్టుకొన్న జ్యేష్ఠుల శాఖ ఆ విధముగా అంతరించుచుండెను.

మేరీ ఫిషర్ తాను దాచియుంచిన పాత జాబులు కొన్ని ఫ్రాంక్లినున కిచ్చెను. అవి మరియొక పెదతండ్రి వ్రాసినవి. అతని పేరును బెంజమినే. ఆ పేరే ఇతనికి పెట్టిరి. లండనులో పట్టుబట్టలకు రంగులు వేయు వృత్తిలో నుండి, 1715లో తమ్ముని వెదకికొని బోస్టన్ చేరిన ఈ పెద్దమనిషి పద్యములు కట్టెడివాడు. తనకు తానే యొక సంక్షిప్తలిపి కల్పించుకొని మతోపన్యాసముల నందులో వ్రాసికొనెడివాడు. 1717లో తన తండ్రి కుటుంబమును గూర్చి చిన్న వృత్తాంతమును గూడ రచించెను. దఫ్తరములలో పేర్లు, తేదీలు మాత్రమే దొరకును. ఇంటిలో నిట్టి పెదతండ్రి యొక్కడున్నచో కథలు దొరకును.

అతడు చెప్పిన కథలలో నొకటి మరువరానిది. 1553 మొదలు 1558 వరకు ఇంగ్లండు నేలిన మేరీ రాణి కాలమున, రోమను కాథలిక్కు మతమును తిరిగి స్థాపింపబూని, సంస్కరణవాదులను శిక్షించుచుండిరి. ఇంగ్లీషు బైబిలు ఇంట నుండుటయే అపాయకరము. ఫ్రాంక్లినుల పూర్వు డొకడు ఆ గ్రంథమును తెరచి, ఒక పీట యడుగుభాగమున నాడాలతో కట్టియుంచెను. కుటుంబమునకు చదివి వినిపింపవలసినప్పుడు పీటను మోకాళ్లపై తలక్రిందు చేసికొని, నాడాల క్రిందనే పుటలు త్రిప్పుచు చదివెడివాడు. బిడ్డలలో నొకరు గడపకడ కాపు నిలిచి, మతన్యాయస్థానపు బంట్రోతు వచ్చుచున్న జాడ కనబడినచో హెచ్చరించెడివారు. వెంటనే పీట యథాప్రకారము నేలపై నిలిచెడిది.

వెలింగ్‌బరో నుండి తండ్రికొడుకులు ఎక్టన్ చేరిరి. పూర్వుల రాతియిల్లు అప్పటికి శిథిలమై, ఒక బడిగా ఉపయోగపడుచుండెను. గ్రామ మతాచార్యుడు చర్చి దఫ్తరములను చూపెను. అతని భార్య, అదే చర్చికి పూర్వము గురువుగా నుండిన ఆర్చ్‌డీకన్ పామర్ మనుమరాలు, మంచి మాటకారి. ఫ్రాంక్లినులను గూర్చి ఆమెకు చాల సంగతులు జ్ఞాపకమున్నవి. ఆమెయే వారిని శ్మశానవాటికకు తోడ్కొనిపోయి సమాధిరాళ్లు చూపెను. రాళ్లు పాచి పట్టి అక్షరములు కనబడకున్నవి. ఆమె గట్టి కుంచెయు నీళ్లును తెప్పింపగా, పీటర్ అనువాడు రాళ్లను తోమి శుభ్రపరచెను. విలియమ్ శాసనములను నకలు వ్రాసికొనెను.

ఈ పీటర్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నుండి వెంట తెచ్చుకొనిన నల్లజాతి బానిస. తాను మరణించినచో పీటరునకును అతని భార్యకును విముక్తి కలుగవలెనని ఫ్రాంక్లిన్ 1757నాటి వీలునామాలో వ్రాసియుండెను. అంతవరకు మాత్రము ఆస్తియే. ఒక ఆంగ్లేయ కుటుంబపు పేర్లను పాచి క్రిందనుండి వెలికి తీసిన ఆ చేతులవాని తాతముత్తాతల పేర్లు ఏ చర్చి పుస్తకమునను లేవు. నకలు వ్రాసిన విలియమ్ సంగతియు చిత్రమైనదే. అతడు వివాహబాహ్యముగా జన్మించినవాడు. తండ్రి వంశమును రాయి రాయిగా వ్రాసికొనిన ఆ కుమారుని తల్లి యెవరో నేటికిని నిర్ధారణ కాలేదు.

దఫ్తరముల సంగతి. ఇంగ్లండులో ప్రతి చర్చియు బాప్తిస్మములను, పెండ్లిండ్లను, ఖననములను పుస్తకమున నమోదు చేయవలెనని 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తరువు చేసెను. పన్ను వేయుటకే ఈ పన్నాగ మని ఆనాడు జనులు సందేహించిరి. ఈ పుస్తకములే లేకున్నచో రాజులు, ప్రభువులు తప్ప సామాన్యుల వంశములు రెండు మూడు తరములకు మించి తెలిసెడివి కావు. ఎక్టన్‌లో 1555కు వెనుకటి పద్దులు ఫ్రాంక్లినునకు లభింపలేదు. ఉన్నంతవరకు చూచి అతడు కనుగొనినది: తాను అయిదు తరములుగా కనిష్ఠునకు కనిష్ఠపుత్రుడు! వంశమున ఆస్తి యేదైన నుండియున్నచో దానిని పొందుటకు తనకంటె తక్కువ యవకాశము గలవాడు మరియొకడు లేడని అతడు మేరీ ఫిషరునకు జాబులో హాస్యముగా వ్రాసెను. హాస్యమే కాని, అందులో ఆ కుటుంబ చరిత్ర యంతయు నిమిడి యున్నది. ఇంట నిలిచినవారు పెద్దలు. ఊరు విడిచినవారు చిన్నలు.

పెద్దలలో పేరుకెక్కినవాడు మేరీ ఫిషర్ తండ్రియైన థామస్. కమ్మరిపనిలో పెరిగియు చదువు నేర్చి, దస్తావేజులు వ్రాయు లేఖరియై, ఆ ప్రాంతపు వ్యవహారములన్నిట ముందు నిలిచెను. చందాలు పోగుచేసి చర్చి గోపురమున గంటల మేళము నేర్పాటు చేసెను. 1758లో ఫ్రాంక్లిన్ ఆ గంటలను విన్నాడు. నది పొంగి గ్రామపు పచ్చికబయళ్లు మునిగిపోవుచుండగా సులభమైన ఉపాయముతో దానిని నివారించెను. మొదట అది యెట్లు సాధ్యమో ఎవరికిని తోచలేదట. ఐనను ఫ్రాంక్లిన్ చెప్పినాడు కనుక జరిగితీరు ననుకొనిరట. కొంద రతనిని మంత్రగాడని గూడ భావించిరి. ఈ థామస్ మరణించినది పాత పంచాంగము ప్రకారము 1702 జనవరి 6. సరిగా నాలుగేండ్ల పిమ్మట అదే తేదీన బోస్టన్‌లో బెంజమిన్ జన్మించెను. (1752లో ఇంగ్లండు క్రొత్త పంచాంగమును స్వీకరించిన తరువాత ఆ తేదీ జనవరి 17గా మారినది.) గుణములలోని పోలికకు ఆశ్చర్యపడి, మరణించిన దినముననే ఈ జననము కలిగియున్నచో ఆత్మ దేహము మారిన దనుకొనవచ్చు నని విలియమ్ అనెను. పునర్జన్మను నమ్ముటకు మనవారికి నాలుగేండ్ల వ్యవధి అడ్డుకాదు. పాపము, విలియమునకు అడ్డైనది.

బోస్టన్ చేరిన జోసయా ఫ్రాంక్లిన్ ఈ థామస్‌కు కడగొట్టు తమ్ముడు. బాన్‌బరీ పట్టణమున మరియొక అన్న జాన్ వద్ద అద్దకపుపని నేర్చుకొనెను. చిన్న వయసుననే పెండ్లియై ముగ్గురు బిడ్డలు కలిగిరి. మత విషయమున అతడును బెంజమిన్ అన్నయు ప్రభుత్వ చర్చిని విడిచి, పదవులు కోల్పోయిన సంస్కరణవాద గురువుల సభలకు పోవుచుండిరి. అట్టి సభలను 1664, 1670 సంవత్సరముల శాసనములు నిషేధించినవి. అధికారులు వచ్చి తరచు చెదరగొట్టుచుండిరి. పరిచితులలో పెద్దమనుష్యులు కొందరు న్యూ ఇంగ్లండుకు పోవ నిశ్చయించి జోసయాను గూడ ఒప్పించిరి. వృద్ధుడైన తండ్రి 1682లో బాన్‌బరీలో మరణించెను; మరుసటి సంవత్సరము జోసయా భార్యతోను బిడ్డలతోను ఓడ యెక్కెను. కుమారుడు మతకారణమునే చెప్పెను. అది నిజమే. కాని చిన్న పట్టణమున అన్న యొకడు నడుపు అద్దకపు వృత్తిలో, వాటా లేని తమ్మునకు ముగ్గురు బిడ్డలతో నిలువ చోటెంత యుండునో గూడ ఆలోచింపవలెను.

బోస్టన్‌లో రంగుబట్టలకు గిరాకి లేకపోయినది. జోసయా నేర్చిన విద్యను ప్రక్కనబెట్టి, పశువుల కొవ్వును కరగించి కొవ్వొత్తులు పోయుట, సబ్బు వండుట ప్రారంభించెను. మొదటి భార్య 1689లో మరణించినది. రెండవ భార్య అబయా ఫోల్గర్. ఆమె తండ్రి పీటర్ ఫోల్గర్ ఇంగ్లండులోని నారిచ్ ప్రాంతమునుండి వచ్చి నాంటకెట్ ద్వీపమున స్థిరపడి, మతస్వాతంత్ర్యమును కోరుచు పద్యములు వ్రాసినవాడు. తండ్రి బల్లచుట్టు ఒక్కమారు పదుముగ్గురు బిడ్డలు కూర్చుండగా చూచినట్లు ఫ్రాంక్లిన్ వ్రాసెను. కొడుకులలో అతడే కడపటివాడు.

వంశములు వెదకువారికి ఇచట నొక హెచ్చరిక కలదు. తల్లిదండ్రుల సమాధిపై ఫ్రాంక్లిన్ నిలిపిన రాతిలో తండ్రి జననము 1655 అని యున్నది. పరిశోధకులు అంగీకరించినది 1657 డిసెంబరు 23. తండ్రి వలసవచ్చిన సంవత్సరము సుమారు 1682 అని కుమారుడు వ్రాసెను, సరియైనది 1683. రాతిపై చెక్కినంత మాత్రమున తేదీ ప్రమాణము కాజాలదు.

1771 వేసవిలో హాంప్‌షైరులోని ట్వైఫర్డ్ గ్రామమున, మిత్రుడైన బిషప్ షిప్లీ ఇంట, 65 ఏండ్ల ఫ్రాంక్లిన్ స్వీయచరిత్రకు పూనుకొనెను. కుమారుని సంబోధించి, మనము కలసి చేసిన ఆ ప్రయాణము నీకు జ్ఞాపకమున్నదికదా యని పూర్వుల కథతోనే మొదలుపెట్టెను. విలియమ్ అప్పటికి న్యూజెర్సీ రాష్ట్రమునకు రాజు నియమించిన గవర్నరు. అయిదేండ్లలో అమెరికా తిరుగబడినది. తండ్రి తిరుగుబాటుదారులలో ముఖ్యుడు, కుమారుడు రాజభక్తుడు. 1776లో విలియమును బంధించిరి. కనెటికట్‌లో రెండేండ్లకు పైగా చెరలో నుండి, 1778లో విడుదలై, 1782లో ఇంగ్లండు చేరెను. పూర్వులు విడిచి వచ్చిన దేశమే వంశమున మూడవ తరమువానికి శరణ్యమైనది.

1784లో విలియమ్ సమాధానము కోరి జాబు వ్రాసెను. వార్ధక్యమున ఏకైక పుత్రుడు తన్ను విడనాడుటయే గాక తనకు ప్రతికూలముగా ఆయుధము పట్టుటకంటె బాధించిన దేదియు లేదని తండ్రి బదులు వ్రాసెను. 1785లో సౌతాంప్టన్ రేవున ఇరువురును కడసారి కలిసికొనిరి. అక్కడ మాటలకంటె ఆస్తి పత్రముల పనియే యెక్కువ జరిగినది. 1790లో మరణించిన ఫ్రాంక్లిన్ వీలునామాలో విలియమునకు నోవాస్కోషియాలోని కొంత భూమి, పాత బాకీల మాఫీ, అతని వద్దనే యున్న పుస్తకములు, కాగితములు దక్కినవి. యుద్ధమున అతని నడవడియే ఇందుకు కారణమని అందులో స్పష్టముగా నున్నది. జ్యేష్ఠులకే ఆస్తి పోవు వంశమున కడగొట్టువాడు తాను స్వయముగా నార్జించి, బ్రతికియున్న ఏకపుత్రునకు ఇంచుమించు లేకుండ చేసెను.

విలియమ్ కుమారుడు టెంపుల్ 1823లో పారిస్‌లో మరణించెను. నేడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతతివా రనబడువారు కుమార్తె సారా ద్వారా వచ్చినవారు. వారి ఇంటిపేరు ఫ్రాంక్లిన్ కాదు. ఇక, ఎక్టన్ చర్చికి రైతులు చెల్లించిన దశమభాగపు పన్నుల చిట్టా యొకటి 19వ శతాబ్దము నడుమ ఆంగ్ల రచయిత కార్లైల్ చేతికి వచ్చినది. అందులో 17వ శతాబ్దపు కమ్మరి ఫ్రాంక్లినుల చెల్లింపులు కనబడగా, 1853లో అతడు దానిని బోస్టన్‌వాసి ఎడ్వర్డ్ ఎవరెట్‌కు పంపెను. జోసయా వెళ్లిన 170 ఏండ్లకు ఆ చిట్టాయు సముద్రము దాటినది.