తాడు లాగిన చేయి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పట్టణంలో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతపడింది. అక్కడ యాజమాన్యానికీ కార్మికులకూ నిత్యం వైరమే; లోపం కనిపించినా పని ఆగరాదన్నదే నియమం. 1984లో టయోటా భాగస్వామ్యంతో అది తిరిగి తెరుచుకుంది. కార్మికుల్లో అధికులు పాతవారే. అయితే ఈసారి వారి చేతికందేలా ఒక తాడు అమర్చారు. లోపం కనిపించి లాగితే బృందనాయకుడు సాయానికి వచ్చేవాడు. అది సరికాకపోతే ఉత్పత్తినే ఆపేవారు. అనతికాలంలోనే నాణ్యత పెరిగింది, గైర్హాజరీ తగ్గింది.

నమ్మకం తాడులో లేదు. లాగినవారికి లభించే సమాధానంలో ఉంది. తప్పును తెలియజేసిన వ్యక్తిని ఒక్కసారి నలుగురిలో మందలిస్తే చాలు, మరునాడు ఏ చేయీ పైకి లేవదు. పొరపాటు జరిగిందని చెప్పవచ్చిన సహోద్యోగితో మనం పలికే మొదటి మాట ఏమిటో ఆలోచించుకుందాం.