పది ఆటలు, రెండు గెలుపులు

1971లో మార్షల్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పది మ్యాచ్‌లు ఆడి ఎనిమిది ఓడిపోయింది. గెలిచిన రెండూ రెండేసి పాయింట్ల తేడాతో గట్టెక్కినవే. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఎన్నో జట్లు ఇంతకంటే మంచి లెక్కతో సీజన్ ముగించి, మర్నాటికే మరుగున పడిపోతాయి. వెస్ట్ వర్జీనియాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న హంటింగ్టన్ మాత్రం ఆ పది ఆటలనూ యాభై ఏళ్లు దాటినా మరిచిపోలేదు. అందుకు కారణం తెలియాలంటే అంతకు ముందటి శరత్కాలానికి వెళ్లాలి.

1970 నవంబరు 14, శనివారం. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు తెలిసే ఉంటుంది, అక్కడ శరత్కాలపు శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే. మార్షల్ జట్టు ఆ రోజు నార్త్ కరోలినాలో ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ మీద 17-14తో ఓడింది. సాధారణంగా ఊళ్లకు బస్సుల్లో తిరిగే జట్టు అది. దూరం ఎక్కువని ఈసారి సదరన్ ఎయిర్‌వేస్ వారి డీసీ-9 విమానం మాట్లాడుకున్నారు. కిన్‌స్టన్‌లో ఎక్కి హంటింగ్టన్ చేరేసరికి చీకటి పడింది. వాన, పొగమంచు. అక్కడి ట్రై-స్టేట్ విమానాశ్రయం కొండల మధ్య ఉంటుంది. రన్‌వే వైపు సరైన వాలులో దిగుతున్నారో లేదో పైలట్లకు తెలిపే గ్లైడ్‌స్లోప్ పరికరం అప్పటికి అక్కడ లేదు. రాత్రి ఏడున్నర దాటాక, రన్‌వే ఇంకో మైలు దూరం ఉందనగా, విమానం కొండ మీది చెట్లను తాకి కూలిపోయింది.

లోపలున్న 75 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆటగాళ్లు 37 మంది. కోచ్‌లు, జట్టు సిబ్బంది 8 మంది. జట్టుకు అండగా నిలిచి డబ్బు సాయం చేసే ఊరి పెద్దలు 25 మంది. విమానం తాలూకు మనుషులు ఐదుగురు. చనిపోయిన పెద్దల్లో డాక్టర్లు, వ్యాపారులు, ఒక శాసనసభ్యుడు ఉన్నారు. 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నారు. 18 మందికి ఇద్దరూ లేకుండా పోయారు. ఎవరిదేదో తేల్చలేకపోయిన ఆరుగురు ఆటగాళ్ల దేహాలను ఊరి పైనున్న స్ప్రింగ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే పూడ్చారు. రన్‌వే కనిపించకుండానే పైలట్లు దిగకూడనంత కిందికి దిగారని దర్యాప్తు చెప్పింది. పరికరాలను సరిగా చూసుకోకపోవడమో, ఎత్తు చూపే పరికరమే తప్పడమో, రెండిట్లో ఏదన్నది తేలలేదు.

జట్టు అంతకు ముందూ కష్టాల్లోనే ఉంది. 1966 నుంచి 1969 దాకా వరసగా 27 ఆటల్లో గెలుపన్నది లేదు. ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు మీరారని 1969లో మార్షల్ ఆడే లీగ్ మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ దాన్ని పక్కన పెట్టింది. ప్రమాదం తర్వాత ఫుట్‌బాల్‌కు స్వస్తి చెబుదామన్న మాట లేచింది. ఆ మాటను తప్పుపట్టలేం. అంత దుఃఖంలో ఎవరికైనా ముందు తోచేది అదే.

జట్టు బతకడానికి ఒక నిబంధన కారణమైంది. ఆ రోజుల్లో కాలేజీలో చేరిన తొలి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. వాళ్లకు వేరే జట్టు ఉండేది. అందుకే వాళ్లెవరూ ఆ విమానం ఎక్కలేదు. వీళ్లకు తోడు గాయాల వల్లో మరో కారణంతోనో ఊళ్లో ఆగిపోయిన కొద్దిమంది పాతవాళ్లు మిగిలారు. డిఫెన్స్‌లో ఆడే నేట్ రఫిన్ వాళ్లలో ఒకడు. చేతి గాయంతో ఉండిపోయాడు. 1971 జట్టుకు కెప్టెన్ అయ్యాడు.

ఆటగాళ్లు సరిపోకపోవడంతో, కొత్తగా చేరిన విద్యార్థులను కూడా ఆడించుకోవడానికి జాతీయ క్రీడాసంస్థ ఎన్‌సీఏఏ మార్షల్‌కు ప్రత్యేకంగా అనుమతిచ్చింది. అయినా మనుషులు చాలలేదు. దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది, దెబ్బలు తగిలితే వాళ్ల స్థానాల్లోకి ఇంకొందరు కావాల్సిన ఆట ఇది. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లొచ్చారు, సాకర్ ఆడేవాడొచ్చాడు. కోచ్ పదవికి ఒప్పుకున్న ఒకాయన రెండు రోజులకే వెనక్కి వెళ్లిపోయాడు. చివరికి ఒహాయోలోని చిన్న కాలేజీ వూస్టర్ నుంచి జాక్ లెంగెల్ వచ్చాడు.

లెంగెల్ ముందు అనుకున్న వ్యూహానికి బలమైన శరీరాలు కావాలి. తన దగ్గరున్నది కుర్రకారు. ప్రత్యర్థుల ముందు పొట్టివాళ్లు, బక్కవాళ్లు. అందుకని ‘వీర్’ అనే పద్ధతికి మారాడు. అందులో ఎదుటి జట్టులో ఒకణ్ణి కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. వాడు ఎటు కదిలితే దాన్నిబట్టి, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని తోటివాడికి అందించడమో, తనే పట్టుకుని పరిగెత్తడమో అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. అంటే బలంలో ఉన్న లోటును ఆలోచనతో పూడ్చుకోవచ్చు. అదే రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ, వెస్ట్ వర్జీనియా కోచ్ బాబీ బౌడెన్ ఈ పద్ధతి మీద తన దగ్గరున్న సినిమా రీళ్లను, ఎత్తుగడలను మార్షల్ కోచ్‌ల ముందు పరిచాడు. తరవాత ఫ్లోరిడా స్టేట్‌కు రెండు జాతీయ టైటిళ్లు తెచ్చిన బౌడెన్ ఇతనే. ఆటలో ఎత్తుగడలే ఆస్తి. వాటిని పొరుగు జట్టు చేతిలో పెట్టడం ఎంత పెద్ద మనసో కోచ్‌లకే తెలుస్తుంది.

సెప్టెంబరు 18న మోర్‌హెడ్ స్టేట్ మీద తొలి ఆట. 29-6తో ఓటమి. వారం తిరిగాక, సెప్టెంబరు 25న, సొంత ఊరి ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియంలో జేవియర్ జట్టుతో ఆడారు. విమానం కూలాక హంటింగ్టన్‌లో జరిగిన మొదటి మ్యాచ్ అది. ఆఖరి నిమిషంలో మార్షల్ 13-9తో వెనకబడి ఉంది. బంతిని ముందుకు తెచ్చుకుంటూ జేవియర్ గోల్ గీతకు 13 గజాల దూరం చేరారు. ఇక ఒక్క ప్రయత్నానికే సమయం ఉంది. క్వార్టర్‌బ్యాక్ రెజీ ఆలివర్ కుడివైపు పరిగెత్తాడు. జేవియర్ రక్షకులంతా అతని వెంటపడ్డారు. అతను ఆగి, బంతిని ఎడమవైపుకు, టెర్రీ గార్డ్‌నర్‌కు వేశాడు. ముందున్న సహచరుడు ఒకణ్ణి పడగొట్టాడు. గార్డ్‌నర్ గీత దాటాడు. అప్పటికి గడియారంలో సమయం అయిపోయింది. 15-13. జనం మైదానంలోకి దూకారు. చాలాసేపటిదాకా ఎవరూ ఇంటిదారి పట్టలేదు.

మిగిలిన సీజన్ కఠినంగా గడిచింది. ఒక్క పాయింటూ రాని రోజులున్నాయి, ఘోరంగా ఓడిన రోజులున్నాయి. అక్టోబరు చివర బౌలింగ్ గ్రీన్ మీద 12-10తో దక్కిందే రెండో గెలుపు.

2006లో ఈ కథ మీద ‘వి ఆర్ మార్షల్’ సినిమా వచ్చింది. మాథ్యూ మెకానహే లెంగెల్‌గా వేశాడు. సినిమా చూసినవాళ్ల మనసులో అతనే నిలుస్తాడు. కానీ ఆ ఏడాది బరువు అందరికంటే ఎక్కువగా మోసింది అసిస్టెంట్ కోచ్ రెడ్ డాసన్ అనిపిస్తుంది. ప్రమాదం రోజు ఆయన విమానం ఎక్కలేదు. కొత్త ఆటగాణ్ణి చూడడానికి కారులో బయల్దేరాడు. దారిలో రేడియోలో వార్త విన్నాడు. చనిపోయిన కుర్రాళ్లలో చాలామందిని ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి తీసుకొచ్చినవాడు ఆయనే. 1971 సీజన్‌కు మాత్రం ఉండి, కొత్తవాళ్లకు ఆట నేర్పి, ఆ తర్వాత కోచింగ్ మానేసి నిర్మాణ వ్యాపారంలోకి వెళ్లిపోయాడు.

క్యాంపస్‌లో శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన స్మారక ఫౌంటెన్ ఉంది. ఏటా నవంబరు 14న సభ జరిపి దాని నీళ్లు ఆపేస్తారు. మళ్లీ వసంతంలోనే తెరుస్తారు. 2020లో యాభై ఏళ్లు నిండినప్పుడు, పోయిన ఆటగాళ్ల పేర డిగ్రీలు ఇచ్చారు. ఆ నవంబరు 14న మిడిల్ టెనెసీ మీద మార్షల్ 42-14తో గెలిచింది.

1970 శరత్కాలంలో విమానం కూలింది మార్షల్ ఒక్కదానిదే కాదు. ఆరు వారాల ముందు, అక్టోబరు 2న, విచిటా స్టేట్ యూనివర్సిటీ జట్టు ప్రయాణిస్తున్న రెండు విమానాల్లో ఒకటి కొలరాడో కొండల్లో కూలి 31 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు మూడు వారాలకే మైదానంలోకి దిగి ఆర్కన్సా మీద 62-0తో ఓడారు. ఆ యూనివర్సిటీ 1986లో డబ్బుల్లేక ఫుట్‌బాల్‌ను ఆపేసింది. నేటికీ మళ్లీ మొదలుపెట్టలేదు. మార్షల్ దారీ సుఖంగా ఏమీ సాగలేదు. లెంగెల్ నాలుగేళ్లలో 9 గెలిచి 33 ఓడి వెళ్లిపోయాడు. గెలుపులు ఓటములను మించిన సీజన్ 1984 దాకా రాలేదు. 1992 డిసెంబరులో, యంగ్స్‌టౌన్ స్టేట్‌ను 31-28తో ఓడించి మార్షల్ తన శ్రేణిలో జాతీయ చాంపియన్ అయింది. ఫైనల్ ఆడింది హంటింగ్టన్‌లోనే.