మంచుగడ్డపై మన ఆడుబిడ్డలు

మా ధరూరు ప్రాంతమున మంచుగడ్డ యనగా రంపపుపొట్టులో పొదిగి, గోనెపట్టా చుట్టి, పెండ్లిపందిళ్ళకు తెచ్చు వస్తువు. పందిరి చేరునప్పటికే సగము నీరై కారిపోవును. వైశాఖ జ్యేష్ఠములలో జూరాల జలాశయము మీదుగా వచ్చు గాలికూడ వేడిగనే యుండును. ఇట్టి చోట నివసించు మేము మంచుహాకీని గూర్చి వ్రాయబూనుట వింతగా దోచవచ్చును. కాని 2025వ సంవత్సరమున మన దేశపు ఆడుబిడ్డలు ఆ యాటయందు సాధించిన దానిని వినిన పిమ్మట మేము ఊరకుండజాలకపోతిమి.

ఆ యేడు మే నెలాఖరునుండి జూను మొదటి వారమువరకు అరబ్బు ఎమిరేట్ల రాజ్యమునందలి అల్ ఐన్ పట్టణమున మహిళల ఆసియా కప్పు పోటీలు జరిగినవి. అందు భారత మహిళాజట్టు కాంస్యపతకమును గైకొన్నది. ఆసియా కప్పున మనవారికి దక్కిన మొదటి పతక మదియే. జట్టునకు నాయకురాలు లడఖ్ దేశపు బాలిక త్సేవాంగ్ చుస్కిత్.

ఆట యెట్టిదో ముందు చెప్పవలెను. భారతమున మయసభ కథ మన మందర మెరిగినదే. సుయోధనుడు నీరున్నచోట నేల యనుకొని మడుగున బడెను. ఈ యాటలో నీరే నేల. అరువది మీటరుల పొడవున నీటిని గడ్డకట్టించి, అద్దమువలె నునుపుచేసి, దానిపై ఉక్కుధార గల జోళ్ళు తొడిగి ఆడుదురు. ఒక్కొక్క పక్షమున ఆరుగురు. వారిలో ఒకరు గోలుకడ కావలి. బంతికి మారుగా అంగుళము మందమును, మూడంగుళముల వ్యాసమును గల నల్లని రబ్బరుబిళ్ళ. దానిని కొనవంగిన కర్రతో కొట్టుదురు. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములు. పరుగు వేగమునకు ఊపిరి నిలువదు గనుక నిమిషమునకొకసారి ఆటకత్తెలను మార్చుచునే యుందురు. బిళ్ళదెబ్బకు ఎముక విరుగును. అందుచే శిరస్త్రాణము, కవచము మొదలగునవి తొడిగి, యుద్ధమునకు బోవువారివలె కానవత్తురు.

స్త్రీలకు ప్రపంచ పోటీలు మొదట 1990లో కెనడాలోని ఒటావాయందు జరిగినవి. ఒలింపిక్సులో 1998లో, జపానులోని నగానోయందు, వారికి చోటు దొరికినది. మన దేశము అంతర్జాతీయ మంచుహాకీ సమాఖ్యలో 1989లోనే చేరినను, మన మహిళాజట్టు విదేశమునకు మొదటిసారి పోయినది 2016లో, తైపే నగరమునకు. అప్పుడు ఒక్క ఆటయు గెలువలేదు. ప్రయాణపు ఖర్చులకై ప్రజలను చందాలడుగవలసి వచ్చినది. ఆ మరుసటి యేడు, 2017లో, బ్యాంకాకునందు ఫిలిప్పీన్సు జట్టును 4–3 గోలులతో ఓడించి మొదటి గెలుపును చూచిరి. అదే పోటీలో మలేషియాను 5–4తో గెలిచిరి. అక్కడినుండి పతకమువరకు ఎనిమిదేండ్లు పట్టినది.

ఈ జట్టున పెక్కుమంది లడఖు బాలికలు. హిమాచలములోని స్పితి లోయవారును గలరు. లేహ్ పట్టణము సముద్రమునకు 3,500 మీటరుల యెత్తున నున్నది. అక్కడ మంచురంగము నెట్లు చేయుదురో మన గృహిణులకు సులభముగ బోధపడును. మనము పేడనీళ్ళతో నేల నలుకునప్పుడు ఒక పూత ఆరినగాని రెండవ పూత పెట్టముగదా! వారును అట్లే. చలి మిక్కుటముగ నుండు రాత్రివేళ చెరువుమీదను, చదునుచేసిన నేలమీదను పలుచగ నీరు పోయుదురు. అది గడ్డకట్టిన తరువాత మరల పోయుదురు. పొరమీద పొరగా మంచు పేరుకొనును. ఇంత శ్రమపడినను ఆ రంగము నిలుచునది డిసెంబరునుండి ఫిబ్రవరివరకు రమారమి రెండు మాసములే. ఇటీవల చలికాలములు వెచ్చబడి, ఆ రెండు మాసములును కుదించుకొనుచున్నవి. మనుచరిత్రమున హిమాలయమునకు బోయిన ప్రవరునకు పాదలేపము కరగి తిరుగుదారి లేకపోయెను. ఈ పిల్లలకు పాదముల క్రింది నేలయే కరగిపోవుచున్నది.

ఉన్న కొద్దికాలములోను పాలు సమముగ లేదు. లడఖున ఈ యాటకు ప్రాపు సైనికులు; తరువాత ఊరి మగపిల్లలు నేర్చిరి. ఆడపిల్లలు మంచుమీదికి వచ్చునప్పటికి వేళలన్నియు మగవారి జట్లకు పంచబడియుండెను. వారు ఆడి లేచిన పిమ్మట, గీతలుపడి గరుకెక్కిన మంచుమీద, మిగిలిన వేళలో వీరు నేర్చుకొనవలసి వచ్చెను. జోళ్ళు ఎరువు తెచ్చుకొనిరి. ఈ చిక్కులనుండి బయటపడుటకే తాము కలసి లడఖ్ మహిళా మంచుహాకీ సంస్థను స్థాపించుకొని, ఊరూర తిరిగి చిన్నపిల్లలకు నేర్పిరి. గోలు కావలియైన నూర్జహాను వృత్తిచేత పురాతన చిత్రములను, వస్త్రములను బాగుచేయు శిల్పి. వందలయేండ్ల పటమును సూదిమొనతో చక్కదిద్దు చేతులే దూసుకువచ్చు రబ్బరుబిళ్ళను ఆపుట మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. 2018లో కెనడా దేశపు ప్రఖ్యాత క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ స్వయముగ లేహ్ వచ్చి వీరికి నేర్పి, ఆ యేడే తన దేశమునకు పిలిపించుకొన్నది.

ఇక అల్ ఐన్ మాట. అది ఎడారి. జూనులో అచ్చటి యెండ మన పాలమూరు సీమ యెండను మించును. అయినను పోటీ జరిగినది మంచుమీదనే. ఎట్లనగా, నేలక్రింద గొట్టములు పరచి, వానిలో అతిశీతలమైన ఉప్పునీటివంటి ద్రవమును త్రిప్పుదురు. పైన పోసిన నీరు గడ్డకట్టి యుండును. మన యింటి ఫ్రిజ్ పెట్టెలో జరుగునదియే, విశాలముగ జరుగును.

ఆ పోటీలో స్వర్ణపతకము ఎవరిదో చూడుడు: ఫిలిప్పీన్సు వారిది! ఎనిమిదేండ్ల క్రిందట మనవారు మొదట ఓడించిన జట్టది. ఆ దేశమున మంచు కురియుట యనునదే లేదు, కొబ్బరిచెట్ల దేశము. కాని మనీలా నగరమున పెద్ద అంగడి భవనములలో ఏడాది పొడవున మంచురంగములు తెరచియుండును. మనకు హిమవంతుడే యున్నాడు, ఆడుకొన మంచుమాత్రము రెండు మాసములు. ఆటకత్తెను తయారుచేయునది చలికాదు, ఆమెకు దొరకు వేళ యని మేము తలంచుట యిందుచేతనే. డెహ్రాడూనులో 2011లో కట్టిన హిమాద్రి యను మంచురంగము పెక్కేండ్లు మూతపడియుండి 2025లో మరల తెరువబడినది. ఆ ద్వారము మరల మూయబడకుండుట ఈ పిల్లలకు ఏ సన్మానముకంటెను ముఖ్యము.

చలిదేశములో పుట్టినవారికే ఈ క్రీడలు తగునందురా? 2025 జనవరిలో లేహ్‌నందు జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో మంచుపై వేగముగ జారు పందెమున స్వర్ణపతకము తెచ్చినది మన తెలంగాణ పక్షమున పోటీచేసిన తాళ్లూరి నయనశ్రీ. మా పల్లెలలోనైతే ఎనిమిదవ తరగతివరకు కోకోలోను కబడ్డీలోను మెరుపులవలె తిరిగిన పిల్లలు, ఈడేరిన మరునాటినుండి మైదానపు గోడ దగ్గర నిలుచుండి చూచువారగుదురు. “పెండ్లికావలసిన పిల్ల, కాలో చెయ్యో విరిగిన నెవరు చేసికొందురు?” అందురు తల్లులు. ఆ భయమును మేము పరిహసింపము. సంబంధముల కొరకు తిరిగిన తల్లులకే అది తెలియును. కాని ప్రత్తిచేలలో పరపరాగము చేయుటకు అదే పిల్లను తెల్లవారుజామున పంపునప్పుడు ఎండదెబ్బను గూర్చి, పాముకాటును గూర్చి యింత విచారము కనబడదు.

మాకడ లెక్కలు నేర్వవచ్చు బాలికలకు ఈ పోటీల సంగతి చెప్పగా, “అమ్మా, మంచు లేకుంటె మేమెట్ల నేర్చుకోవాలె?” అని ఒకతె యడిగినది. దానికి ఉపాయము లేకపోలేదు. జోటికి ఉక్కుధార బదులు వరుసగా చిన్నచక్రములు అమర్చిన స్కేట్లు గలవు. వానితో సిమెంటు నేలపై ఇదే తీరున హాకీ యాడుదురు. మైదాన ప్రాంతపు స్కేటింగు పిల్లలు సామాన్యముగ ముందు చక్రములపై నిలుచుట నేర్చి, పిదప మంచుమీదికి పోవుదురు. కావలసినది చదునైన నేల, ఒక జత జోళ్ళు, సాయంకాలము రెండు గంటలు. చదునైన నేల బడిలోనే యున్నదని ఆ పిల్లయే చెప్పినది. జోళ్ళ వెల ఎంతయో కనుగొని రమ్మని మావారితో చెప్పితిమి.