పాత డీజిలు వ్యాను స్టార్టు కానప్పుడు లోపమును కనుగొనుట ఎట్లు?

పంటను పండించుట ఎంత ముఖ్యమో, దానిని వేళకు బజారునకు చేర్చుటయు అంత ముఖ్యము. టమాటాలు, ఆకుకూరలు, పూలు, పాలు ఒక్క పూట ఆలస్యమును కూడ ఓర్చుకొనవు. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోవలెనని రాత్రియే సరుకు ఎక్కించుకొన్న రైతు తెల్లవారుజామున తాళము త్రిప్పగా, వ్యాను ‘టక్’ మని ఊరకున్నచో ఆ పూట వేలమునకు సరుకు అందదు. ఆ తొందరలో సాధారణముగ జరుగునవి రెండే: నలుగురిని పిలిచి బండిని నెట్టించుట, లేదా వేలకు వేలు పోసి క్రొత్త బ్యాటరీ కొనుట. క్రొత్త బ్యాటరీ వేసిన వారము దినములకే వ్యాను మరల మొరాయించిన సందర్భములు పెక్కు కలవు. ఏలయన లోపము బ్యాటరీలో లేదు. బ్యాటరీ నుండి ఇంజనుకు పోవు ఎర్తు తీగ కొనకు తుప్పు పట్టియున్నది.

కావున కొనుటకు ముందు పరీక్షించవలెను. పరీక్షకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును తెలిసికొన్న రైతు చాల లోపములను తానే పట్టగలడు; తనవలన కాని పనికి మెకానిక్కును పిలిచినను, ఏమి చేయవలెనో నిశ్చయముగ చెప్పగలడు.

ఇందు చెప్పునది ఒకప్పుడు మన రోడ్లపై విరివిగ తిరిగిన మెటడారు వంటి పాత వ్యానులను గురించి మాత్రమే. వీటిలో డీజిలు పంపు యాంత్రికముగ పనిచేయును. కంప్యూటరుతో నడచు కామన్ రైలు ఇంజనులకు డీజిలు భాగములో చెప్పిన పనులు చేయరాదు. వాటి గొట్టములలో ఒత్తిడి ప్రాణాపాయము కలిగించునంత హెచ్చుగ నుండును.

ఇంజనుకు కావలసినవి మూడు

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు స్పార్కు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. గాలిని సిలిండరులో సుమారు ఇరువదవ వంతునకు నొక్కివేయగా ఆ గాలి కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకొనును. కాబట్టి ఇంజను స్టార్టు అగుటకు మూడు కావలెను. మొదటిది, సెల్ఫు మోటారు ఇంజనును తగినంత వేగముగ త్రిప్పుట. రెండవది, సిలిండరులో చాలినంత వేడి. మూడవది, గాలి కలియని డీజిలు సరిగా అందుట.

వ్యాను మొరాయించినప్పుడు మిమ్ములను మీరు అడుగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘ఇంజను తిరుగుచున్నదా, లేదా?’ తిరుగకున్నను, బరువుగ ఈడ్చుకొనుచు తిరిగినను లోపము బ్యాటరీ, తీగలు, సెల్ఫు మోటారులలో కలదు. చురుకుగ తిరుగుచు అందుకొనకున్నచో లోపము వేడిలోనో, డీజిలులోనో కలదు. ఈ ప్రశ్నకు సమాధానము తెలియక ఏ సామానును విప్పరాదు.

పరీక్షకు ముందు

గేరును న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు పెట్టవలెను. చేతికి ఉంగరము, లోహపు గడియారము ఉన్నచో తీసివేయవలెను. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడదు. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను వాయువు చిన్న రవ్వకే ప్రేలును. ఇంజను త్రిప్పునప్పుడు చేతులను, కండువాను ఫ్యాను బెల్టునకు దూరముగ నుంచవలెను. పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. రెండు తీగలు కట్టిన 12 వోల్టుల బల్బు, ఒక సాధారణ మల్టీమీటరు, స్పానర్లు, ఇసుక కాగితము చాలును.

ఇంజను తిరుగనప్పుడు

హెడ్‌లైట్లు వేసి, ఒకరిని తాళము త్రిప్పమని చెప్పి దీపములను గమనించుడు. దీపములు పూర్తిగ ఆరిపోయినచో బ్యాటరీ దిగిపోయినదని గాని, బ్యాటరీ క్లాంపు వదులైనదని గాని గ్రహించవలెను. దీపములు తగ్గక, ‘టక్’ మను శబ్దము మాత్రము వచ్చినచో లోపము సెల్ఫు మోటారులోనో, దాని తీగలోనో ఉండును. ఏ శబ్దమును రాకున్నచో తాళపు స్విచ్చి, సెల్ఫు సొలినాయిడునకు పోవు సన్న తీగ చూడవలెను. తాళము త్రిప్పి పట్టినప్పుడు ఆ సన్న తీగ కొనకు బల్బు ఒక తీగను, ఇంజను ఇనుమునకు రెండవ తీగను ఆనించుడు. బల్బు వెలుగకున్నచో కరెంటు అక్కడి వరకు వచ్చుట లేదని అర్థము.

‘దీపములు బాగుగ వెలుగుచున్నవి గదా, తీగలలో లోపమెట్లుండును?’ అని పలువురు అడుగుదురు. ఒక చిన్న లెక్కతో ఇది తేటపడును. హెడ్‌లైటు బల్బు తీసికొను కరెంటు సుమారు 5 ఆంపియర్లు. డీజిలు ఇంజనును త్రిప్పునప్పుడు సెల్ఫు మోటారు తీసికొనునది 300 ఆంపియర్ల వరకు ఉండవచ్చును. తుప్పు పట్టిన ఒక అతుకులో ఓములో నూరవ వంతు అడ్డంకి ఉన్నదనుకొనుడు. బల్బునకు అక్కడ పోవునది 0.05 వోల్టు మాత్రమే. దీపము మామూలుగనే వెలుగును. సెల్ఫు మోటారుకు అదే అతుకు వద్ద 3 వోల్టులు పోవును. 12 వోల్టులలో 3 పోయిన మోటారు బరువైన డీజిలు ఇంజనును త్రిప్పజాలదు. కావున దీపమును చూచి తీగలు మంచివని నమ్మరాదు.

అతుకును పరీక్షించుట సులభము. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనసు సీసపు టెర్మినలుపైనను, రెండవ కొనను ఇంజనుపై శుభ్రమైన ఇనుముపైనను ఆనించి, తాళము త్రిప్పించుడు. ఇంజను తిరుగుచుండగా మీటరు అర వోల్టును మించి చూపినచో ఎర్తు తీగలో లోపము కలదు. అట్లే ప్లస్సు టెర్మినలునకు, సెల్ఫు మోటారు పెద్ద బోల్టునకు నడుమ చూడవలెను. అక్కడను అర వోల్టు మించరాదు.

లోపమున్న అతుకును విప్పునప్పుడు బ్యాటరీ మైనసు క్లాంపును ముందు తీసి, చివర బిగించవలెను. తెల్లని, పచ్చని బూజును తినే సోడా కలిపిన నీటితో కడిగి, ఆ నీరు బ్యాటరీ గదులలోనికి పోకుండ చూచుకొని, ఇసుక కాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగ బిగించి, పైన వాజిలిన్ పూయవలెను. ఈ పనికి గంట సేపైనను పట్టదు. ఖర్చు దాదాపు లేదు.

బ్యాటరీని చూచుట

రాత్రి కదలక నిలిచిన బ్యాటరీకి ఉదయమే మీటరు పెట్టి చూడవలెను. 12.6 వోల్టులున్నచో నిండుగ నున్నది, 12.4 ఉన్నచో ముప్పాతిక, 12.2 ఉన్నచో సగము. 12 ఉన్నచో చాలవరకు దిగిపోయినది. ఇంజనును త్రిప్పునప్పుడు 9.5 వోల్టులకు క్రిందికి పడిపోయినచో ముందు చార్జి చేయించవలెను. నిండుగ చార్జి చేసిన పిమ్మటను అట్లే పడినచో, అప్పుడు మాత్రమే బ్యాటరీ చెడినదని అనుకొనవలెను. మూతలు గల బ్యాటరీలో నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు, బావి నీరు, ఆసిడు పోయరాదు.

చురుకుగ తిరిగియు అందుకొననప్పుడు

ఒకరు తాళము త్రిప్పుచుండగా మీరు వెనుకకు పోయి పొగగొట్టమును చూడుడు. ఏ పొగయు రాకున్నచో సిలిండరులోనికి డీజిలు పోవుట లేదు. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు పోవుచున్నది గాని అంటుకొనుట లేదు. వేడి చాలలేదన్న మాట.

వేడి చాలనప్పుడు, మెకానిక్కులు హీటరు ప్లగ్గులని పిలుచు గ్లో ప్లగ్గులను చూడవలెను. చలి ఉదయములలో ఇవి సిలిండరును ముందుగ వేడిచేయును. కోస్తాలో వేసవి యందు ఇవి చెడినను తెలియకపోవచ్చును. లంబసింగి చలిలోనో, డిసెంబరు తెల్లవారుజామునో బయటపడును. తాళమును ఆన్ చేసి, బల్బు ఒక తీగను ప్లగ్గులపై నున్న పట్టీకి, మరొకటి ఎర్తునకు ఆనించుడు. బల్బు వెలుగకున్నచో రిలే గాని, దాని పెద్ద ఫ్యూజు గాని పోయినది. వెలిగినచో తాళము ఆపి, పట్టీని విప్పి, బల్బు ఒక తీగను బ్యాటరీ ప్లస్సునకు కట్టి, రెండవ తీగను ఒక్కొక్క ప్లగ్గు కొనకు ఆనించుడు. బల్బు వెలిగిన ప్లగ్గు మంచిది, వెలుగనిది కాలిపోయినది. నాలుగింటిలో రెండు కాలినను చలిలో ఇంజను మొండికెత్తును. అన్ని ప్లగ్గులు మంచివైనను తెల్లని పొగ ఆగనిచో, ఇంజను కంప్రెషనును, పంపు టైమింగును మెకానిక్కుచే చూపించవలెను.

డీజిలు పోనప్పుడు మొదట పంపుపై నున్న స్టాపు సొలినాయిడును చూడవలెను. తాళము ఆన్ చేయగనే అది ‘టిక్’ మనవలెను. దాని తీగ ఊడినచో పంపు డీజిలు విడువదు. ఒక్క చిన్న తీగ ఊడినందుకే పంపును విప్పి పట్టణమునకు పంపుట ఎంత నష్టమో ఆలోచించుడు.

అది సరిగా నున్నచో ఎయిరు పట్టినదేమో చూడవలెను. డీజిలు పంపుసెట్టు నడిపిన రైతులకు ఇది క్రొత్త విషయము కాదు. స్టార్టు అయి కొద్ది సేపటికే ఆగిపోవుట దీని గుర్తు. ఫిల్టరు అడుగు మర విప్పి నీటిని వదలి, ఎయిరు తీయు మరను కొద్దిగ సడలించి, బుడగలు ఆగి నిండు ధార వచ్చువరకు చేతి పంపును నొక్కి, మరను బిగించవలెను. మాటిమాటికి ఎయిరు పట్టుచున్నచో రబ్బరు గొట్టములలో చీలిక, వాషరు, క్లిప్పు చూడవలెను. ఇంజెక్టరు గొట్టముల వద్ద చిమ్ము డీజిలునకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పోయినచో గాయము చిన్నదైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవుచున్నచో

ఇంజను నడచుచుండగా బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.5 వోల్టులు ఉండవలెను. లేకున్నచో డైనమో అని వాడుకలో పిలుచు ఆల్టర్నేటరు చార్జి చేయుట లేదు. ముందు బెల్టు బిగువు చూడుడు. పిదప చార్జి దీపమును చూడుడు. తాళము ఆన్ చేయగనే అది వెలుగవలెను. ఇంజను అందుకొనగనే ఆరవలెను. ఆ చిన్న బల్బు కాలిపోయినను కొన్ని ఆల్టర్నేటర్లు చార్జి మొదలుపెట్టవు.

చార్జి సరిగా నున్నను బ్యాటరీ దిగుచున్నచో ఎక్కడనో కరెంటు కారుచున్నది. ఒక్క ఆంపియరు కారినను రెండు దినములలో 48 ఆంపియరు-గంటలు పోవును. 80 ఆంపియరు-గంటల బ్యాటరీలో అది సగమునకు మించినది. తాళము తీసి, తలుపులు మూసి, మైనసు క్లాంపును విప్పి, మీటరును 10 ఆంపియర్ల స్థానములో నుంచి క్లాంపునకు టెర్మినలునకు నడుమ కలుపుడు. 0.05 ఆంపియరును మించినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగ తీసి చూడవలెను. ఏ ఫ్యూజు తీయగా కరెంటు పడిపోవునో, లోపము ఆ దారిలోనిది. మీటరు ఇట్లు కలిపియుండగా సెల్ఫు కొట్టరాదు, మీటరు కాలిపోవును.

చేయరాని పనులు

ఫ్యూజు పోయిన చోట రాగి తీగ, సిగరెట్టు కాగితపు రేకు పెట్టరాదు. ఫ్యూజు కాలినచో కొద్ది రూపాయలతో పోవును. తీగలు కాలినచో వ్యానే పోవును.

గాలి ఫిల్టరు వద్ద మండుచున్న గుడ్డను పట్టరాదు. గ్లో ప్లగ్గులున్న ఇంజనులో ఈథరు స్ప్రే కొట్టరాదు, ఇంజను పగులవచ్చును.

సెల్ఫును 15 సెకండ్లకు మించి ఎడతెగక కొట్టరాదు. ఒక నిమిషము ఆగి మరల కొట్టవలెను.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగను విప్పరాదు. ఆల్టర్నేటరు డయోడులు పాడగును.

వేరొక బండి బ్యాటరీతో స్టార్టు చేయునప్పుడు 12 వోల్టుల ట్రాక్టరు లేదా వ్యానుతోనే కలుపవలెను. లారీలలో సాధారణముగ నుండునది 24 వోల్టులు. ప్లస్సును ప్లస్సునకు కలిపి, మంచి బ్యాటరీ మైనసు నుండి వచ్చు తీగను చివరగ, దిగిపోయిన బ్యాటరీకి దూరముగ ఇంజను ఇనుమునకు కలుపవలెను. తీయునప్పుడు చివర కలిపినదానిని మొదట తీయవలెను.

నెలకొక అరగంట

వ్యాను గల రైతు నెలకొకసారి బ్యాటరీ నీరు, క్లాంపులు, ఎర్తు తీగ, బెల్టు, డీజిలు ఫిల్టరులోని నీరు చూచుకొనవలెను. సరుకు పోవలసిన దినమునకు ముందటి సాయంత్రమే ఒకసారి స్టార్టు చేసి చూచుట మంచి అలవాటు; సాయంత్రము బయటపడిన లోపమును రాత్రి సరిచేసికొనవచ్చును. గ్రామాధికారులు పూనుకొని, ఊరి రైతులందరికి ఉమ్మడిగ ఒక మల్టీమీటరును, ఒక జత జంపరు తీగలను అందుబాటులో నుంచినచో అందరికి మేలగును. ఏ సామాను మార్చుటకైనను ముందు, ‘ఇంజను తిరుగుచున్నదా?’ అను ప్రశ్నతో మొదలిడి, ఒక్కొక్క అతుకును చూచుకొనుచు పొండు. అట్లు చేసిన రైతునకు డబ్బును మిగులును, సరుకును వేళకు బజారు చేరును.