గేటు చెవిలో గణాలు

సూరత్ అల్థాన్‌లో ఒక బంగళా గేటు మూడు రోజులుగా రిమోట్‌కు తెరుచుకోవడం లేదని ఫోను వచ్చింది. మేముండే పాండేసర నుంచి బండి మీద ఎంతో దూరం లేదు. సిరిసిల్ల నుంచి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు కూడా స్క్రూడ్రైవర్ల సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. వాడు తొమ్మిదో తరగతి.

ఇంటివాళ్లు అప్పటికే ఒకరికి చూపించారు. బోర్డు పోయింది, మొత్తం మార్చాలని చెప్పి వెళ్లాడట. నేను మోటారు డబ్బా మూత తీసి చూశాను. బోర్డు మీద లైటు వెలుగుతోంది. గోడ మీది స్విచ్ నొక్కితే గేటు మెత్తగా జరిగింది. ఫోటోసెల్ కంటి మీద మిల్లుల బాయిలర్ బూడిద పేరుకుంది కానీ, గేటు ఆగేంత కాదు. రిమోట్‌కు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ చూస్తే కొత్తదే.

"ఈ నాలుగు రోజులూ రిమోట్ ఎవరి దగ్గరుంది?" అని అడిగాను. ఊరెళ్లినప్పుడు రెండేళ్ల మనవడు ఏడవకుండా వాడి చేతికిచ్చారట. బటన్ నొక్కినప్పుడల్లా ఎర్ర లైటు వెలుగుతుంటే దారి పొడుగునా నొక్కుతూనే ఉన్నాడని ఇంటి పెద్దావిడ, బా, నవ్వుతూ చెప్పింది. నేను రిమోట్ తీసుకుని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాను. గేటు కదిలింది.

"మామా, ఏం జేసినవ్?"

"రెండుసార్లు ఒత్తిన."

"గంతేనా? ఒక్కపారి ఒత్తితే ఎందుకు వినలేదు?" కాసేపు పక్కింటి గేటు కేసి చూసి మళ్లీ అడిగాడు. "మరి గీ రిమోట్‌తోని గా గేటు ఎందుకు తెరుసుకోదు?"

వాడి రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఆ జవాబంటే నాకు చాలా ఇష్టం. అందులో సగం మా తెలుగు సారు చెప్పిన ఛందస్సు పాఠంలోనే ఉంది.

మా నాన్న సాంచెలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చాడు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి అట్లా వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. నేను సాంచెల కింద పడుకునే వయసులోనే నూనె, గ్రీజు వాసనకు అలవాటు పడ్డాను. తర్వాత పాండేసర జీఐడీసీ పారిశ్రామిక వాడలో మిల్లుల పెద్ద గేట్లకు మోటార్లు బిగించేవాళ్ల దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఎక్కువగా ఇళ్ల గేట్లే చూస్తాను. వానాకాలమంతా తీరిక ఉండదు. డబ్బాలోకి నీళ్లు దిగుతాయి, బోర్డు మీద బల్లి పడి రెండు తీగలను కలిపేస్తుంది, కెపాసిటర్ నీరసించి మోటారు గుర్రుమంటూ తిరగకుండా ఉండిపోతుంది. ఇవన్నీ చేత్తో, ముక్కుతో పట్టుకోగల రోగాలే. రిమోట్ రోగం మాత్రం అట్లా దొరకదు. దానికి లెక్క తెలియాలి.

గేటు ఒంటి గురించి ముందు రెండు ముక్కలు చెప్పుకుందాం. పక్కకు జరిగే గేటుకు అడుగున పళ్ల పట్టీ ఉంటుంది, మోటారు పెట్టె మీద పళ్ల చక్రం ఉంటుంది. ఈ రెండింటినీ అందరూ చూస్తారు. అసలు తెలివి పెట్టె లోపలి వార్మ్ గేర్‌లో ఉంది. మోటారు ఇరుసు మీద స్క్రూ మర లాంటి ఒరవడి ఉంటుంది. అది పక్కనున్న చక్రం పళ్లలో కూర్చుంటుంది. మర ఒక్క చుట్టు తిరిగితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. 30 పళ్ల చక్రమైతే, నిమిషానికి 1400 చుట్లు తిరిగే మోటారు దాన్ని 46, 47 చుట్లు మాత్రమే తిప్పుతుంది. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. అన్నిటికంటే అందమైన సంగతేమిటంటే మర చక్రాన్ని తిప్పగలదు, చక్రం మరను తిప్పలేదు. ఏటవాలు మరీ తక్కువ కాబట్టి, చక్రం వైపు నుంచి ఎంత నెట్టినా రాపిడి పట్టేస్తుంది. అందుకే మూసిన గేటును బయటి నుంచి మనిషి తోసినా కదలదు. కరెంటు పోతే ఇంటివాళ్లు కూడా తాళంచెవితో గేరు విడదీయక తప్పదు. మన దేశంలో శతాబ్దాల పాటు పత్తి గింజలు తీసిన చర్ఖీలో రెండు చెక్క రోలర్లను ఒకదానికొకటి ఎదురుగా తిప్పింది కూడా ఇట్లాంటి చెక్క మరే. బట్టతో బతికిన ఊళ్లో ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

కాబట్టి గేటుకు బలం ఉంది. కానీ ఎవరు పిలిస్తే కదలాలో బలానికి తెలియదు. తెలిసేది రిసీవర్‌కు. అది బోర్డు మీద గోరంత ముక్క, గేటుకు చెవి.

అమెరికాలో సి. జి. జాన్సన్ 1921లో పైకి లేచే గ్యారేజీ తలుపును, 1926లో దానికి కరెంటు మోటారును తెచ్చాడు. రేడియో రిమోట్లు తర్వాత వచ్చాయి. తొలి రిమోట్లకు మాట లేదు, ఒక్క కూత మాత్రమే ఉండేది. పక్కింటి కూతకు మన తలుపు తెరుచుకునేది. ఆ తర్వాత రిమోట్ లోపల చిన్న చిన్న మీటల వరస పెట్టారు. ప్రతి మీటా పైకో కిందకో ఉంటుంది. సాంచె పనివాళ్లకు ఇది కొత్త కాదు. సాంచె మీద డిజైను నడిపే డాబీ చెక్కలో మేకు ఉంటే పడుగు దారాల ఫ్రేము లేస్తుంది, లేకపోతే లేవదు, బట్ట మీద డిజైను అట్లాగే పడుతుంది. ఇక్కడ ఆ డిజైనే గేటు పేరు. రిమోట్ ఆ పేరును గాలిలోకి పల్సులుగా పంపుతుంది. పైకున్న మీటకు పొడుగు పల్సు, కిందికున్న దానికి పొట్టి పల్సు.

"పొట్టిది, పొడుగుది" అన్నాను వాడితో. "నీ బళ్లో వీటిని ఏమంటరు?"

వాడు ఒక్క క్షణం ఆలోచించి, "లఘువు, గురువు!" అన్నాడు.

అవును. రిమోట్ మాట్లాడే భాషలో రెండే అక్షరాలు, లఘువు, గురువు. 12 మీటలున్న రిమోట్ అంటే 12 అక్షరాల గణం. అట్లాంటి గణాలు ఎన్ని? ఒక్కో చోట రెండు వీలులు కాబట్టి రెండును 12 సార్లు హెచ్చించాలి, 4096. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయో కూడా ఇదే లెక్క చెబుతుంది, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది.

పక్కింటి గేటు తెరుచుకోకపోవడానికి కారణం దొరికింది, దాని పేరు వేరు. కానీ దొంగ ఊరుకుంటాడా? 4096 పేర్లూ వరసగా పిలుస్తాడు. ఒక్కో పేరుకు 12 పల్సులు, అంటే మొత్తం 49,152 పల్సులు. రిమోట్లు ఒకే పేరును విరామాలు ఇచ్చి మళ్లీ మళ్లీ పంపుతాయి, అదంతా అనుకరిస్తే చాలాసేపు గేటు ముందు నిలబడాలి. అంతసేపు ఎవరూ నిలబడరని తయారీదారుల ధైర్యం.

ఇప్పుడు మా సారు పాఠానికి వద్దాం. ఎనిమిది గణాలను గుర్తుంచుకోవడానికి తెలుగు బడిలో చదివిన ప్రతివాడికీ ఒక మంత్రం తెలుసు, యమాతారాజభానసలగం. మొదటి మూడక్షరాలు యమాతా, లఘువు గురువు గురువు, అది య గణం. ఒక్క అక్షరం జరిగితే మాతారా, మూడూ గురువులు, మ గణం. ఇంకొక్కటి జరిగితే తారాజ, త గణం. రాజభా, జభాన, భానస, నసల, సలగం. అక్షరం అక్షరం జరుగుతూ పోతే ఎనిమిది గణాలూ ఒక్కోసారి మాత్రమే, ఒక్కటీ తప్పిపోకుండా ఎదురవుతాయి. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి, ఇక్కడ పదే చాలాయి. ఒక గణం తోక తర్వాతి గణానికి తల అయింది.

పదో తరగతిలో దీన్ని బట్టీ పట్టాను. ఇదొక గణిత రత్నమని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చివరి రెండక్షరాలు, లగం, లఘువూ గురువూ. మొదటి రెండు, యమా, అవి కూడా లఘువూ గురువూ. అంటే తోక తలను కలుస్తోంది. లగం తీసేసి మిగిలిన ఎనిమిదక్షరాలను గాజులా గుండ్రంగా రాయండి. ఎనిమిది అక్షరాల్లోనే ఎనిమిది గణాలూ ఇమిడిపోతాయి. ఇంతకన్నా పొట్టిగా రాయడం ఎవరివల్లా కాదు. ఎనిమిది వేర్వేరు గణాలు మొదలవడానికి ఎనిమిది చోట్లైనా ఉండాలి కదా!

ఇట్లాంటి గాజులను గణితజ్ఞులు డి బ్రూయిన్ వరసలంటారు. నికొలాస్ డి బ్రూయిన్ అనే డచ్చి గణితజ్ఞుడు 1946లో ఏ పొడవుకు ఇట్లాంటి గాజులు ఎన్ని ఉంటాయో నిరూపించాడు. ఆ లెక్క అంతకు ముందే 1894లో ఫ్రాన్సులో ఫ్లై సాంత్ మరీ తేల్చాడని తర్వాత డి బ్రూయినే ప్రకటించాడు. మూడక్షరాల గణాలకు రెండే గాజులు, నాలుగక్షరాలకు 16. గణం పొడవు ఎంతైనా గాజు మాత్రం తప్పకుండా ఉంటుంది.

మరి 12 అక్షరాల గణాలకు? 4096 అక్షరాల గాజు. దాన్ని తెంపి తిన్నగా చదవాలంటే తల నుంచి 11 అక్షరాలు తెచ్చి తోకకు అతికించాలి, 4107. ఎక్కడ 49,152, ఎక్కడ 4107!

అయితే గేటు ఇట్లా మధ్యలోంచి వినాలి కదా అంటారా? కొన్ని రిసీవర్లు సరిగ్గా అట్లాగే వింటాయి. వాటి చెవిలో 12 గదుల వరస ఉంటుంది. కొత్త పల్సు ఒకటి లోపలికి రాగానే పాతది ఒకటి అవతల పడిపోతుంది, మిగిలినవి ఒక్కో గది జరుగుతాయి. ప్రతి జరుగుడుకూ రిసీవర్ ఆ 12నూ తన పేరుతో పోల్చుకుంటుంది. పేరు ఎక్కడ మొదలైందో దానికి పట్టదు. గదులు మూడే ఉంటే, యమాతారాజభానసలగం అని ఒక్కసారి వినిపిస్తే దాని దృష్టిలో ఎనిమిది గణాలనూ పిలిచినట్టే.

2015లో సామీ కాంకార్ అనే అమెరికన్ సరిగ్గా ఇదే చేసి చూపించాడు. తయారీ ఆగిపోయిన ఒక పిల్లల మెసేజీల బొమ్మను రిమోట్‌గా మార్చాడు. ఎనిమిది నుంచి 12 మీటల దాకా ఉన్న పేర్లన్నీ పాత పద్ధతిలో పిలవడానికి దాదాపు అరగంట పట్టేది. విరామాలు, పునరుక్తులు తీసేసి డి బ్రూయిన్ వరసగా అల్లితే పది సెకన్ల లోపే అయిపోయింది. ప్రతి పేరుకూ ముందు ఒక నియమిత విరామం అడిగే రిసీవర్ల దగ్గర ఈ ఎత్తు పారదు. సంస్కృత ఛందస్సులో ఆ విరామాన్నే యతి అంటారు. యతి పాటించే గేటు గట్టిది!

కాంకార్ తన బొమ్మకు పెట్టిన పేరు ఆలీబాబా కథలోది, మనం ఖుల్ జా సిమ్ సిమ్ అని చెప్పుకునే మాట. ఆ పేరు ఈ రిమోట్ల రెండో రోగానికి ఇంకా బాగా సరిపోతుంది. ఆలీబాబా మాటను ఊహించలేదు, చెట్టెక్కి విన్నాడు. ఎప్పుడూ ఒకే పేరు పలికే రిమోట్‌కు ఎన్ని మీటలున్నా ఏం లాభం? రోడ్డు మీద నిలబడి ఒక్కసారి రికార్డు చేసుకుంటే చాలు.

దీనికి విరుగుడు దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1980ల నడుమ నానోటెక్ అనే కంపెనీలో కీలాక్ అనే పద్ధతి తయారైంది. 1995లో దాన్ని అమెరికా చిప్‌ల కంపెనీ మైక్రోచిప్ కొనుక్కుంది. రిమోట్ లోపల ఒక లెక్క ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కను 64 అంకెల రహస్య తాళంతో చిలికి 32 పల్సులుగా పంపుతుంది. లెక్క ఒక్కటి మారితే బయటికి వచ్చే పల్సుల్లో దాదాపు సగం తారుమారవుతాయి, వినేవాడికి పొంతనే దొరకదు. గేటు దగ్గర కూడా అదే తాళం ఉంది. అది విప్పి చూసి, లెక్క తను చివరిసారి విన్నదానికంటే ముందుకు ఉంటేనే తెరుచుకుంటుంది. వెనకటిదైతే పలకదు. చెట్టెక్కి విన్న మాట అప్పటికే పాతబడిపోయింది.

కానీ రిమోట్‌ను ఎక్కడో దూరంగా నొక్కితే? లెక్క పెరుగుతుంది, గేటుకు వినపడదు. అందుకే గేటు కొంత ఓర్పుగా ఉంటుంది. ఈ పద్ధతిలో మామూలుగా 16 లెక్కల దాకా ముందుకు పోయినా ఒక్క నొక్కుకే ఒప్పుకుంటుంది. అంతకు మించితే అనుమానిస్తుంది కానీ తలుపు పూర్తిగా వేసేయదు, రెండో మాట కోసం చూస్తుంది. వెంటనే వచ్చిన రెండో నొక్కు మొదటిదాని తర్వాతి లెక్కే అయితే, ఇది నా రిమోటే అని నమ్మి తన లెక్కను సరిచేసుకుంటుంది. 32,000 పైచిలుకు నొక్కుల దాకా ఈ క్షమ ఉంది. అల్థాన్ పిల్లవాడు దారి పొడుగునా నొక్కింది అందులో ఎంత భాగం? ఇంటివాళ్లు ప్రతిసారీ ఒక్కసారి నొక్కి, గేటు పలకడం లేదని ఆగి, లోపలికి వెళ్లి స్విచ్ వేసుకున్నారు. గేటు మూడు రోజులూ రెండో మాట కోసం ఎదురుచూసింది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2008లో జర్మనీ బోఖుమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిప్ తాగే కరెంటు హెచ్చుతగ్గులు కొలిచి కీలాక్ రహస్య తాళాన్ని బయటికి లాగారు. 2015లోనే కాంకార్ ఇంకో పెట్టె చూపించాడు. అది మొదటి నొక్కును గేటుకు వినపడకుండా చెదరగొట్టి తను దాచుకుంటుంది. మనిషి రెండోసారి నొక్కగానే దాన్నీ దాచుకుని మొదటిదాన్ని వదులుతుంది. గేటు తెరుచుకుంటుంది, వాడని లెక్క ఒకటి దొంగ జేబులో మిగులుతుంది. ఇప్పుడు ఇంకా గట్టి తాళాలు వచ్చాయి, ఫోనుతో తెరిచే గేట్లూ వచ్చాయి. మా వీధుల్లో మాత్రం మీటల రిమోట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించిన చోటల్లా మార్చుకోమని బతిమాలి చెబుతున్నాను.

తిరుగు దారిలో మేనల్లుడు వెనక నుంచి అడిగాడు. "మామా, నాలుగక్షరాలకు గసొంటి మంత్రం ఉన్నదా?"

"పంతొమ్మిది అక్షరాలది ఉంటది. చేసి సూడు."

భేస్తాన్ దాటేదాకా ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు పద్నాలుగు దగ్గర ఆగిపోయానన్నాడు. పొద్దున లేచి షట్టరు ఎత్తితే, కొత్త మోటారు అట్టపెట్టె మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు కనిపించాయి: లలలలగలలగగలగలగగగగలలల. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని నాలుగేసి అక్షరాలు వేలితో జరుపుతూ లెక్కపెట్టాను. పదహారూ ఉన్నాయి.