మెదడు పొరలను క్షీణింపజేయు వంశపారంపర్య కొవ్వు వ్యాధులు

మెడ నిలిపిన బిడ్డ మరల తల వాల్చివేయుట, నడక నేర్చిన బిడ్డ తడబడి పడుట, చిన్న చప్పుడుకే ఉలికిపడుట – ఈ లక్షణములను దిష్టి అనియో, బలహీనత అనియో ఉపేక్షింపరాదు. ఇది పుట్టుకతో వచ్చిన కొవ్వు నిల్వ వ్యాధి కావచ్చును.

కారణము

ఇది ఆహారదోషము కాదు. ప్రతి జీవకణములోను పాత కొవ్వులను విడగొట్టు ఎంజైములు ఉండును. వానిలో ఒకటి పుట్టుకతోనే లోపించినచో ఆ కొవ్వు కణములోనే పేరుకొనును. టే-శాక్స్ వ్యాధిలో నాడీకణములు ఉబ్బి నశించును. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ, క్రాబే వ్యాధులలో నాడీతంతువులను కప్పియుండు మైలిన్ అను కొవ్వుపొర శిథిలమగును.

మెదడును చుట్టియుండు మూడు పొరలు వేరు. వానికి వాపు వచ్చినచో మెనింజైటిస్ అందురు. అది సాధారణముగా జ్వరముతో, కొద్ది గంటలలో లేదా రోజులలో ముదురును. కొవ్వు నిల్వ వ్యాధి జ్వరము లేకనే నెలల తరబడి ముదురును.

మేనరికము

చరకసంహిత శారీరస్థానములో రెండవ అధ్యాయమునకు ‘అతుల్యగోత్రీయము’ అని పేరు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో పలువురు మేనరికమున గోత్రములు వేరే గదా అందురు. గోత్రములు వేరైనను రక్తసంబంధము పోదు. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో సుమారు నాలుగవ వంతు ఉమ్మడి. దంపతులిరువురిలో ఒకే దోషజన్యువు ఉన్నచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. తొలిబిడ్డకు వచ్చినది గనుక మలిబిడ్డకు రాదనుకొనుట భ్రమ. బయటి సంబంధములలోను ఇది రావచ్చును గాని అరుదు.

చేయవలసినది

లోపించిన ఎంజైమును ఏ కషాయమును, ఏ భస్మమును సమకూర్చలేదు. కావున నెలలు వృథాచేయక, పిల్లల వైద్యునికి చూపి ఎంజైము రక్తపరీక్ష చేయించవలెను. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ సంస్థలు కలసి విశిష్ట కేంద్రముగా ఉన్నవి. గాషే వ్యాధికి సిరద్వారా ఇచ్చు ఎంజైము ప్లీహము వాపును తగ్గించును గాని మెదడును చేరదు. దోషజన్యువు తెలిసియున్నచో తదుపరి గర్భమున సుమారు పదకొండవ వారమునకే పరీక్ష చేయించవచ్చును.

గృహోపచారము

బిగుసుకొన్న అవయవములకు గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా రాయుట ఉపశమనము. మింగుడు తగ్గిన బిడ్డ గొంతులో ఆముదముగాని నేయిగాని పోయరాదు, ముక్కులో నూనె వేయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. ఆహారమును కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా ఇవ్వవలెను. తల్లిని నిందింపరాదు, బీజదోషము ఇరువైపులనుండి వచ్చినదే.