ఎకరానికి ఎన్ని బస్తాలు?

మొన్న సాయంకాలం చిరుజల్లులో, మా వీధిమలుపున బొగ్గుల కుంపటి దగ్గర నిలబడి మొక్కజొన్నపొత్తు కాల్పించుకుంటూ వుంటే మా మేనమామగారు గుర్తుకువచ్చారు. ఆయనది కరీంనగరం జిల్లాలో వొక పల్లె. అక్కడ పొత్తు అనరు, మక్కకంకి అంటారు.

మామయ్య వొక యేడు సంకరజాతి విత్తనం కొని వేశారు. పంట విరగకాసింది. మరుసటి యేడు మళ్లీ కొనడానికి ఆయనకు మనసొప్పలేదు. "ఇంట్ల ఇంత మంచి విత్తనం ఉండంగ పైసలు పెట్టి కొనుడెందుకురా అల్లుడా?" అని, పెద్ద పెద్ద కంకులు ఏరి, దూలానికి కట్టి దాచి, ఆ గింజలే నాటారు. ఒక మొక్క నిలువెత్తు, పక్కది మోకాలెత్తు! పది బస్తాలు పండినచోట ఆరేడుకు దిగింది. ఆ యేడు జరగవలసిన మా మరదలి పెళ్లి మరుసటి యేటికి జరిగింది.

పొరపాటెక్కడో నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. 1908లో అమెరికాలో జార్జి షల్ అనే శాస్త్రజ్ఞుడు వొక సంగతి ప్రకటించాడు. మొక్కజొన్నను దాని పుప్పొడితోనే తరతరాలు పండిస్తే వంశం నీరసిస్తుంది. అటువంటి రెండు నీరస వంశాలకు వియ్యం కలిపితే మాత్రం పుట్టే సంతానం మహా బలంగా వుంటుంది. అయితే ఆ బలం పూర్తిగా నిలిచేది ఆ వొక్క తరానికే. మామయ్య దాచినవి ఆ తరువాతి తరం గింజలు. పాపం, ఆయనకెవరూ చెప్పలేదు!

ఈ వియ్యం మహిమ ఎంతటిదో లెక్కలు చూడండి. అమెరికాలో 1866 నుంచి సుమారు డెబ్భయి యేళ్లపాటు సగటు దిగుబడి ఎకరానికి 6, 7 క్వింటాళ్ల దగ్గరే ఆగిపోయింది. 1930ల్లో సంకరజాతులు పొలాలకెక్కాయి. తరువాత రసాయనిక ఎరువులు, యంత్రాలు వచ్చాయి. 2024లో అక్కడి సగటు 45 క్వింటాళ్లు! ఇందులో విచిత్రమేమంటే, పొత్తు ఏడింతలు పెరగలేదు. ఇరుకులో సర్దుకుపోయే గుణం పెరిగింది. ఎకరానికి పన్నెండువేల మొక్కలుండే చోట ఇప్పుడు ముప్ఫైవేలకు పైగా నిలుస్తున్నాయి. చిన్న ఇంట్లో పెద్ద కుటుంబం పేచీ లేకుండా కాపురం చేసినట్టన్నమాట.

ప్రపంచపు సగటు 1961లో ఎకరానికి 8 క్వింటాళ్లు. ఇప్పుడు 23 వరకు వున్నది. మన దేశంలో గంగ, రంజిత్, దక్కన్ అనే సంకరజాతులు వెలువడిందీ 1961లోనే. అప్పుడు 4 క్వింటాళ్లుండే మన సగటు నేడు 13 దాటింది. కోస్తాలో వరి కోసిన చేలో దున్నకుండానే రబీ మొక్కజొన్న వేసి, దీనికి ఎంతో మించి పండించే రైతులున్నారు. సహారాకు దక్షిణాన వున్న ఆఫ్రికాలో మాత్రం సగటు ఇంకా 8, 9 దగ్గరే వున్నది. వానే ఆధారం, ఎరువు కొనే శక్తి తక్కువ.

ఎక్కే మెట్టుకు జారుడూ వున్నది. మగపూతను చేత్తో విరిచే కూలి తప్పుతుందని అమెరికా విత్తనాల్లో అత్యధిక భాగానికి వొకే తల్లివంశపు గుణం ఎక్కించారు. 1970లో ఆకుమాడు తెగులు సరిగ్గా ఆ గుణాన్నే పట్టుకున్నది. దేశం మొత్తంమీద పంటలో సుమారు 15 శాతం పోయింది. 2012లో అనావృష్టి వస్తే సగటు 31 క్వింటాళ్లకు పడిపోయింది.

మామయ్య ఆ తరువాత యేటేటా విత్తనం కొనేవారు. కాని పెరటిలో బావిపక్కన రెండు సాళ్లు మాత్రం పాత నాటుమక్కలే వేసేవారు. "అవెందుకు మామయ్యా?" అంటే, "పిల్లలు కాల్చుకతినేందుకురా" అనేవారు. ఆయన పోయాక ఆ విత్తనం ఎవరూ దాచలేదు. నేనూ అడగలేదు.